నూరు కాళ్లు ఎన్నటికీ ఉండని శతపాది: గులకరాళ్ల కింద దొరికిన ఎర్ర జెర్రి

గులకరాయి (సస్సెక్స్, ఇంగ్లండ్) | జూన్ 9

అందరికీ నమస్కారం. ఈ వేదికను మూడేళ్లుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు.

నిన్న ఆదివారం మా అమ్మాయిని తీసుకుని కక్‌మియర్ హేవెన్ ఒడ్డుకు వెళ్లాను. తెల్లటి సున్నపురాతి కొండలు నిట్టనిలువుగా సముద్రంలోకి దిగే చోటు అది. మన ఊళ్లలోలా ఇసుక ఉండదు. ఎటు చూసినా గులకరాళ్లే, కోడిగుడ్డంత నుంచి కొబ్బరికాయంత వరకు. నడుస్తుంటే కాలి కింద మరమరాలు నలిగినట్టు చప్పుడవుతుంది.

పెద్ద అలలు తెచ్చి వదిలిన నాచు ఎండిపోయి నల్లటి చారలా పడి ఉంది. దానికి కాస్త పైన మా అమ్మాయి రాళ్లు ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతూ గుంట చేసింది. మోచేయి మునిగే లోతుకు వెళ్లాక కేక వేసింది: "అమ్మా, దారం నడుస్తోంది!"

నిజంగానే దారంలా ఉంది. అంగుళంన్నర పొడవు, లావు సేమ్యా అంత. రంగు ఇటుకకూ నారింజకూ మధ్య. అటూ ఇటూ లెక్కలేనన్ని సన్నటి కాళ్లు. రాయి అంచు దాకా ముందుకు వచ్చింది, వెలుగు తగలగానే వెనక్కి తిరగకుండా తోక వైపు నుంచే చీకట్లోకి జారిపోయింది. ముందుకు ఎంత హాయిగా నడిచిందో వెనక్కీ అంతే.

ఇంకొక రాయి కింద ఒకటి చుట్టలు చుట్టుకుని ఉంది. ఆ చుట్ట మధ్యలో ఆవగింజ కంటే పెద్దవి, పాలిపోయిన రంగు గుండ్లు డజనుకు పైగా కనిపించాయి. గుడ్లే అయి ఉంటాయని భయపడి రాయిని ఎలా ఉన్నది అలాగే పెట్టేశాను.

మొదటి దాని ఫోటోలు జతచేశాను. ఇది జెర్రేనా? సముద్రపు ఒడ్డున దానికేం పని? పిల్ల వేలితో తాకింది కాబట్టి విషం సంగతి కూడా ఎవరైనా చెబితే ఈ రాత్రి నిద్రపోతాను.

---

తాటిదోనె (చీరాల) | జూన్ 9

స్వాగతం అమ్మా. మా ఇంట్లో జెర్రి కనబడితే ముందు చెప్పు లేస్తుంది, ప్రశ్నలు ఆ తరువాత. మీరు దానికి ఫోటో తీసి, రాయి కప్పి, ఇంటికి వచ్చి కులగోత్రాలు అడుగుతున్నారు!

నేను వాడరేవు ఒడ్డున నలభై ఏళ్లుగా తిరుగుతున్నాను. ఎర్ర పీతలు చూశాను, ఎండ్రకాయలు చూశాను, వలలో పడ్డ సముద్రపు పాములు చూశాను. జెర్రిని మాత్రం పెరట్లోనే చూశాను, అదీ వాన పడ్డ రాత్రి. సముద్రంలో జెర్రి అంటే నేను నమ్మను. ఏదో సముద్రపు పురుగు అయి ఉంటుంది.

---

పాత దస్త్రం (విశాఖపట్నం) | జూన్ 10

గులకరాయి గారూ, ముందు మీ నిద్ర సంగతి. ఆ జీవికి తల దగ్గర విషపు గోళ్లు, అంటే కోరలు ఉన్నాయి, కానీ మనిషి చర్మంలో దిగేంత బలం వాటికి సాధారణంగా ఉండదు. అమ్మాయి చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు.

తాటిదోనె గారూ, మీరు నమ్మకపోయినా అది జెర్రే. ముప్పై ఒక్క ఏళ్లు జంతుశాస్త్రం చెప్పిన వాణ్ణి, ఫోటో ఇంత స్పష్టంగా ఉంటే పొరపాటు పడను. పేరు స్ట్రిగామియా మారిటిమా. మట్టి జెర్రుల వర్గం. మీ పెరట్లో కనిపించే స్కోలోపెండ్రా వేరే వర్గం. అది బలిసిన వేటగాడు, ఇది సన్నటి సొరంగపు జీవి.

1817లో విలియం ఎల్ఫర్డ్ లీచ్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు దీన్ని మొదట వర్ణించి జియోఫిలస్ అనే ప్రజాతిలో చేర్చాడు. ఆ గ్రీకు మాటకు నేలను ప్రేమించేది అని అర్థం. మారిటిమా అంటే సముద్రానిది. భూప్రియ అనే ఇంటిపేరుతో సముద్రపు ఒడ్డున కాపురం పెట్టిన జీవి అన్నమాట. తరువాత ఇంటిపేరు మారింది, కాపురం మారలేదు. బ్రిటన్, ఐర్లండ్ మొదలుకొని స్కాండినేవియా వరకు వాయవ్య ఐరోపా తీరాలే దాని ఊరు. మన తీరంలో ఇది లేదు.

ఒడ్డున దానికేం పని అని అడిగారు. గులకరాళ్ల గుట్టను ఇల్లుగా ఊహించుకోండి. రాళ్ల మధ్య సందులు గదులు, ఎప్పుడూ తడిగాలి, ఎండ తగలదు. నాచు కుళ్లే చోట గెంతే చిన్న రొయ్యజాతి పురుగులు వేలకొద్దీ చేరతాయి, చిన్న నత్తలు ఉంటాయి. అవే దాని తిండి. ఒకే ఎర చుట్టూ చాలా జెర్రులు చేరి తినడం కూడా చూశారు. ఒంటరి వేటకు పేరుపడ్డ వంశంలో ఇది వింతే. నమిలి మింగే రకం కాదు, ఎక్కువగా రసం పీల్చుకునే రకం.

ఇప్పుడు అసలు ముచ్చట. మీరు గుంట తవ్విన ఒడ్డు మామూలు ఒడ్డు కాదు. జె.జి.ఇ. లూయిస్ అనే ఆయన ఈ జాతి జీవితచరిత్రను ఓపికగా గమనించి 1961లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా ఆ కక్‌మియర్ హేవెన్‌లో చేసిందే. జెర్రుల మీద ఎవరు ఏం రాసినా ఆయన్ని తలవకుండా పని జరగదు. మీ అమ్మాయి తెలియకుండానే పెద్దల బాటలో నడిచింది.

గుడ్ల మీద ఉన్నది తల్లి. రాయి కప్పి మంచి పని చేశారు. ఆ సమయంలో ఎక్కువగా కదిలిస్తే తల్లి గుడ్లను వదిలేసి పోవచ్చు, ఒక్కోసారి తినేస్తుంది కూడా. ఈ మాట ప్రతి ఏడూ విద్యార్థులకు చెప్పేవాణ్ణి, ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాయి ఎత్తి పట్టుకుని నిలబడేవారు.

---

చింతపిక్క (వరంగల్) | జూన్ 10

పాత దస్త్రం గారూ, నేను డిగ్రీ రెండో సంవత్సరం. రెండు సందేహాలు.

ఒకటి, పెద్ద అల వచ్చి గుట్ట మునిగితే అది చచ్చిపోదా? రెండు, శతపాది అంటే నూరు కాళ్లు కదా. దీనికి నిజంగా నూరు ఉన్నాయా? ఫోటోలో లెక్కపెట్టబోయి ఇరవై దగ్గర కళ్లు తిరిగాయి.

---

పాత దస్త్రం (విశాఖపట్నం) | జూన్ 10

మొదటిదానికి: కొంతసేపు మునిగినా తట్టుకుంటుంది. అయినా అది సముద్రంలో బతికేది కాదు, సముద్రం పక్కన బతికేది. గుడ్లు పెట్టే కాలానికి, కుబుసం విడిచే కాలానికి అలలు అందని పై గట్టుకు చేరుకుంటుంది. గులకరాయి గారికి తల్లి కనిపించింది కూడా నాచు చారకు పైనే కదా. దీని కంటే సాహసి మరొకటి ఉంది, హైడ్రోషెండిలా సబ్‌మరీనా అని. అది ఆటుపోట్ల మధ్య మునిగి తేలే రాళ్ల పగుళ్లలోనే ఉంటుంది. ఈ రెండూ ఉప్పునీటిని ఎలా తట్టుకుంటున్నాయో బిన్యన్, లూయిస్ కలిసి 1963లో పరిశీలించారు.

రెండోది మంచి ప్రశ్న. జవాబు చెప్పను. గులకరాయి గారు ఫోటో పెద్దది చేసి లెక్కపెట్టి ఎన్ని జతలో రాయాలి. తల దగ్గరి కోరలను లెక్కలో వేయకండి. చివరి జత మీసాల్లా వెనక్కి చాచి ఉంటుంది, దాన్ని మాత్రం వేయండి.

---

గులకరాయి (సస్సెక్స్) | జూన్ 11

పరీక్ష పెట్టారు కాబట్టి రాత్రి వంట పక్కన పెట్టి కూర్చున్నాను. ఫోటోను కంప్యూటర్ తెర నిండా సాగదీసి, ఒక్కొక్క జత మీద ఆకుపచ్చ చుక్క పెడుతూ, పదికొకసారి ఎర్ర చుక్క పెడుతూ వెళ్లాను. నడుము దగ్గర మెలిక ఉంది, అక్కడ కాళ్లు ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి. మొదటిసారి 48 జతలు వచ్చాయి. రెండోసారి 50. మా అమ్మాయి పెడితే 49.

నూరు కాళ్లు కావాలంటే 50 జతలు కదా, నేను నా రెండో లెక్కకే ఓటు వేస్తాను.

---

పాత దస్త్రం (విశాఖపట్నం) | జూన్ 11

మీ అమ్మాయి గెలిచింది. 48 కుదరదు, 50 అసలే కుదరదు. ఫోటో చూడకుండానే చెప్పగలను.

జెర్రి ఏ జాతిదైనా, ఏ దేశానిదైనా, పెద్దదాని కాళ్ల జతలు బేసి సంఖ్యలోనే ఉంటాయి. ఎక్కడో ఒకటీ అరా వికృతంగా పుట్టినవి పక్కన పెట్టండి. రాళ్ల కింద ఉండే లిథోబియస్‌కు 15. గోడల మీద పరుగెత్తే పొడుగు కాళ్ల స్కూటిజెరాకు 15. తాటిదోనె గారి చెప్పు కింద పడేదానికి 21. మట్టి జెర్రుల్లో 27 నుంచి 191 వరకు ఉన్నాయి, మధ్యలో సరి సంఖ్య ఒక్కటీ స్థిరపడలేదు. నూరు కాళ్లంటే 50 జతలు, 50 సరి సంఖ్య. కాబట్టి శతపాదుల్లో నూరు కాళ్లది ఉండదు. 98 ఉంటాయి, 102 ఉంటాయి. నూరు దగ్గరకు వచ్చి దాటిపోతుంది తప్ప ఆగదు.

నా మొదటి ఏడాది పాఠంలో ఈ మాట చెప్పి బల్ల మీద సుద్దముక్కతో 98, 102 అని రాసి మధ్యలో ఖాళీ వదిలేవాణ్ణి. ఆ ఖాళీని చూస్తూ కూర్చునే వాళ్లే తరువాత పరిశోధనకు వచ్చారు.

---

తాటిదోనె (చీరాల) | జూన్ 11

మాస్టారూ, ఇదేదో ముందే చెబితే నలభై ఏళ్లలో కనీసం ఒక్కదాన్నైనా లెక్కపెట్టి చంపేవాణ్ణి.

కానీ శత అంటే నూరే అని ఎందుకు పట్టుబట్టాలి? తామరకు శతపత్రం అని పేరుంది, ఎవరు రేకులు లెక్కపెట్టారు? శత అంటే చాలా అనే అర్థం కూడా ఉంది. మన జెర్రి అనే మాటలో అయితే అసలు లెక్కే లేదు, ఆ గొడవే లేదు. జెర్రిపోతులో కూడా జెర్రి ఉంది, అది కాళ్లే లేని పాము!

---

ఆకురాయి (నెల్లూరు) | జూన్ 12

తాటిదోనె గారి మాటకు తోడు ఒకటి. సుశ్రుతుడు శతపదులను ఎనిమిది రకాలుగా చెప్పాడు. కాళ్ల లెక్కతో కాదు, ఎక్కువగా రంగులతో: నల్లది, చిత్రవర్ణం గలది, పసుపుది, ఎర్రది, తెల్లది, నిప్పు రంగుది, ఇలా. కరిస్తే వచ్చే వాపు, నొప్పి ఆయనకు ముఖ్యం, కాళ్లు కావు. వైద్యుడి చూపు వేరు, జంతుశాస్త్రజ్ఞుడి చూపు వేరు.

చెవిలో దూరిన జెర్రికి మా తాతగారు చేసిన వైద్యం [ఈ భాగం తొలగించబడింది]

---

నిర్వాహకులు | జూన్ 12

ఆకురాయి గారూ, చిట్కా వైద్యం ఈ విభాగంలో వద్దు. చెవిలో ఏది దూరినా చెవి వైద్యుడి దగ్గరకే వెళ్లాలి. మిగిలిన టపా ఉంచాం.

---

చింతపిక్క (వరంగల్) | జూన్ 12

రోకలిబండకు సహస్రపాది అని పేరు కదా, దానికీ ఇదే గతా? వేయి కాళ్లు లేవా?

---

సున్నా ఒకటి (హైదరాబాద్) | జూన్ 13

దానికి అదృష్టం పండింది. చాలాకాలం వేయి కాళ్లు దాటిన రోకలిబండ ఒక్కటీ తెలియదు. 2021లో పశ్చిమ ఆస్ట్రేలియాలో, ఖనిజాల కోసం తవ్విన లోతైన బోరు రంధ్రంలో యూమిల్లిపెస్ పెర్సెఫోనీ అనే జాతి దొరికిందని ప్రకటించారు. ఒకదానికి 1,306 కాళ్లు. సహస్రపాది పేరు అలా నిలబడింది, శతపాది పేరు మాత్రం లెక్కల్లో ఓడిపోయింది.

నేను జన్యుక్రమాల మీద పనిచేస్తాను. ఈ చర్చలోకి రాకుండా ఉండలేకపోవడానికి కారణం, గులకరాయి గారు వేలితో చూపిస్తున్న ఆ ఎర్ర దారం మా రంగంలో పెద్ద పేరున్న జీవి. జెర్రులు, రోకలిబండలు కలిసిన బహుపాదుల వర్గం మొత్తంలో మొదట పూర్తి జన్యుక్రమం చదివింది దీనిదే. 2014లో ప్రచురించారు, నూరు మందికి పైగా శాస్త్రవేత్తలు కలిసి. కాళ్ల దగ్గర దొరకని నూరు రచయితల దగ్గర దొరికింది.

జన్యుక్రమం చిన్నది, దాదాపు 17.6 కోట్ల అక్షరాలు. మనిషిది 300 కోట్లు. జన్యువులు మాత్రం 15,000 దాకా ఉన్నాయి. ఈగలో ఎప్పుడో పోయిన పాత జన్యువులు కొన్ని దీనిలో ఇంకా ఉన్నాయి. వాటి వరుసక్రమం కూడా ఈగలోలా చెల్లాచెదురు కాలేదు. తాతల నాటి ఇనప్పెట్టెలో దస్తావేజులు సర్దినవి సర్దినట్టే ఉన్న ఇల్లు లాంటిది.

అయితే ఒక అర పూర్తిగా ఖాళీ. వెలుగును పట్టే జన్యువులు ఒక్కటీ లేవు. దీనికి కళ్లు లేవని 19వ శతాబ్దం నుంచే తెలుసు, కానీ కళ్లు పోయినా కొన్ని జీవుల్లో ఆ జన్యువులు వేరే పనికి మిగిలి ఉంటాయి. దీనిలో అవీ లేవు. దాంతోపాటు పగలు రాత్రి తేడా చెప్పే శరీర గడియారపు జన్యువులు, అంటే ఈగల్లో మనకు బాగా తెలిసినవి, అవి కూడా లేవు. ఈ మట్టి జెర్రుల వంశం కోట్ల ఏళ్లుగా చీకట్లోనే ఉంది. వెలుగే లేని ఇంట్లో గడియారం ఎవరు చూస్తారు?

---

గులకరాయి (సస్సెక్స్) | జూన్ 13

ఆగండి. వెలుగును పట్టే జన్యువు ఒక్కటీ లేదంటున్నారు. నేను రాయి తీయగానే అది తోక ముందుగా చీకట్లోకి జారిపోయింది. నా కళ్లతో చూశాను. మరి వెలుగు వచ్చిందని దానికి ఎవరు చెప్పారు?

---

సున్నా ఒకటి (హైదరాబాద్) | జూన్ 13

సరిగ్గా ఆ ప్రశ్నే ఆ పరిశోధకులనూ ఇబ్బంది పెట్టింది. కళ్లు లేకపోయినా ఇవి వెలుగు నుంచి తప్పుకుంటాయని వాళ్లూ ఒప్పుకున్నారు. మనకు తెలిసిన దృష్టి జన్యువులేవీ లేవు కాబట్టి ఇంకేదో దారి ఉండాలి. మీరు రాయి తీసినప్పుడు వెలుగుతో పాటు పొడిగాలి, కదలిక, వేడి కూడా వచ్చాయని గుర్తుంచుకోండి. వేటి మాట విని పారిపోయిందో మీ ఒడ్డున కూర్చుని తేల్చలేం.

చూపు పోయినచోట రుచి, వాసన పెరిగాయి. రుచి గ్రాహకాల జన్యువులు దీనిలో డజన్ల కొద్దీ ఉన్నాయి. వాసన మాత్రం కీటకాలకున్న గ్రాహకాలతో కాదు, వాటికంటే పాత వంశపు వేరే గ్రాహకాలతో పడుతుందని అనుకుంటున్నారు. జెర్రులు, కీటకాలు సముద్రం నుంచి నేల మీదకు విడివిడిగా వచ్చాయనే ఆలోచనకు ఇది బాగా అతుకుతుంది. గాలిలో వాసన పట్టడం ఎవరికి వారే నేర్చుకున్నారు.

---

తాటిదోనె (చీరాల) | జూన్ 14

ఇంత చదువు దీనికి ఉందని తెలిస్తే మా పెరట్లోది కూడా గర్వపడేది. ఒక్క మాట అడుగుతాను. బేసి అన్నారు సరే. బేసి ఎందుకు? దేవుడు దక్షిణ ఇచ్చేటప్పుడు నూటొక్క రూపాయిలా ఒకటి చేర్చి ఇచ్చాడా?

---

పాత దస్త్రం (విశాఖపట్నం) | జూన్ 15

నవ్వకండి, మీ దక్షిణ పోలిక అనుకున్న దానికంటే దగ్గరగా ఉంది.

ఈ మట్టి జెర్రుల పిల్లలు గుడ్డులోంచి వచ్చేటప్పటికే పూర్తి లెక్క కాళ్లతో వస్తాయి. లిథోబియస్ పిల్లలు అలా కాదు, తక్కువ కాళ్లతో పుట్టి కుబుసం విడిచినప్పుడల్లా పెంచుకుంటాయి. అంటే మన ఎర్ర జెర్రి జీవితంలో కాళ్ల లెక్క తేలేది గుడ్డులోపలే, పిండం ఖండితాలుగా, అంటే ఒంటి కణుపులుగా, విడిపోయే ఆ కొద్ది రోజుల్లోనే. ఆ తరువాత ఎంత తిన్నా, ఎంత పెరిగినా ఒక్క కాలూ చేరదు.

ఆ రోజుల్లో ఏం జరుగుతుందో చూడాలని కేంబ్రిడ్జిలో మైకేల్ ఏకమ్ బృందం స్కాట్లండ్ ఈశాన్య తీరంలోని బ్రోరా అనే ఊరి గులకరాళ్ల ఒడ్డు నుంచి గుడ్లు తెచ్చుకునేది. ప్రయోగశాలలో పెంచి గుడ్లు పెట్టించడం కుదిరేది కాదు. వేసవి మొదట్లో వెళ్లి గుట్టలు తవ్వాలి, తల్లులను, గుడ్లను ఏరుకోవాలి. ఆరిపోకుండా, బూజు పట్టకుండా ఇంటికి చేర్చాలి. మన గులకరాయి గారి అమ్మాయి చేసిన పనే, జీతానికి.

2004లో చిప్‌మన్, ఆర్థర్, ఏకమ్ కలిసి చెప్పినది ఇది: పిండంలో ఖండితాలను నిర్దేశించే జన్యువు ఒక్కొక్క ఖండితానికి కాదు, రెండేసి ఖండితాలకు ఒక పట్టీ చొప్పున వెలుగుతుంది. ఆ తరువాత మధ్యలో మరో పట్టీ వచ్చి రెండుగా చీలుస్తుంది. జతలు జతలుగా కొలిచే చెయ్యి ఒకటీ అరా కొలవలేదు. 47 తరువాత 49, ఆ తరువాత 51. మధ్యలోవి దొరకవు.

---

సున్నా ఒకటి (హైదరాబాద్) | జూన్ 15

మాస్టారూ, ఒక చిన్న అడ్డుపుల్ల. ఆ రెండేసి లెక్క పిండం పొడవునా సాగదు. తరువాతి పరిశీలనల్లో తేలింది ఏమిటంటే, ముందువైపు ఖండితాల్లో ఎక్కువ భాగం రెండేసిగా వస్తాయి, తోక దగ్గరి చివరివి ఒక్కొక్కటిగా వస్తాయి. ఒక్కొక్కటిగా వచ్చేటప్పుడు సరి సంఖ్య దగ్గర ఆగిపోవడానికి అడ్డేమిటి? కాబట్టి 2004 నాటి జవాబు అందమైనదే కానీ కథ అక్కడితో ముగియలేదు.

---

పాత దస్త్రం (విశాఖపట్నం) | జూన్ 15

ఒప్పుకుంటున్నాను. నేను పదవీ విరమణ చేసే నాటికి అందమైన జవాబు దగ్గరే ఉన్నాను.

---

గులకరాయి (సస్సెక్స్) | జూన్ 16

49 అయినా 51 అయినా ఒకే జాతేనా? మనుషుల్లో ఒకరికి వేళ్లు ఎక్కువ ఉన్నట్టా?

---

పాత దస్త్రం (విశాఖపట్నం) | జూన్ 16

ఒకే జాతి, ఒకే గుట్ట, ఒక్కోసారి ఒకే తల్లి పిల్లలు. ఆడవాటికి సగటున మగవాటికంటే ఎక్కువ జతలు. అంతకంటే వింత ఏమిటంటే, ఉత్తరానికి వెళ్లేకొద్దీ లెక్క తగ్గుతుంది. కెటిల్, ఆర్థర్ 2000లో బ్రిటన్ తీరం వెంబడి లెక్కలు వేసి ఇది చూపించారు. దక్షిణాన మీ సస్సెక్స్ జెర్రికి స్కాట్లండ్ జెర్రి కంటే సగటున కాళ్లు ఎక్కువ.

వంశంలోనే అలా ఉందా, చలి వల్లనా? 2008లో గుడ్లను వేర్వేరు వేడిమిలో పొదిగించి చూశారు. వెచ్చగా పెరిగిన వాటికి సగటున ఎక్కువ ఖండితాలు వచ్చాయి. ఉత్తరం దక్షిణం తేడా మొత్తానికి ఇదొక్కటే కారణమని నేను అనను, కానీ ఆ వేసవి ఎంత వెచ్చగా ఉందో పిల్లల కాళ్లలో కొంత రాసి ఉంటుంది. పుట్టకముందు చదివిన ఉష్ణోగ్రత, చచ్చేదాకా చెరగదు.

మీ ఫోటోలో చివరి జత కాళ్లు ఉబ్బి ఉన్నాయి కాబట్టి అది మగది. మగది ఆడదాన్ని పట్టుకోదు. సన్నటి దారాల గూడు అల్లి దానిలో వీర్యపు బిందువును ఉంచి పోతుంది. ఆడది వచ్చి తీసుకుంటుంది. గుడ్ల బాధ్యత మొత్తం ఆమెదే. చుట్ట చుట్టుకునేటప్పుడు ఇది వీపును గుడ్ల వైపు పెట్టి, పొట్టను బయటకు తిప్పుతుంది. స్కోలోపెండ్రా తల్లి దీనికి తిరగేసి, పొట్టతో గుడ్లను హత్తుకుంటుంది. మట్టి జెర్రుల పొట్ట కింద గ్రంథులుంటాయి, వాటి స్రావం శత్రువుకు రుచించదు. ఆ వైపు బయటకు ఉండడంలో అర్థం ఉంది.

---

గులకరాయి (సస్సెక్స్) | జూన్ 16

చుట్టను చూసినప్పుడు కాళ్లన్నీ బయటకు, దువ్వెన పళ్లలా కనిపించాయి. వెల్లకిలా పడి చచ్చిందేమో అనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది.

---

చింతపిక్క (వరంగల్) | జూన్ 18

మూడు రోజులుగా ఒకటి ఆలోచిస్తున్నాను, తప్పయితే తిట్టండి.

మా పుస్తకంలో విషనఖరాలు, అంటే ఆ కోరలు, మొండెం తాలూకు మొదటి జత కాళ్లే రూపం మారి అలా అయ్యాయి అని ఉంది. పాత దస్త్రం గారు మొదట్లోనే కోరలను లెక్కలో వేయకండి అన్నారు. ఎందుకు వేయకూడదు? పిండంలో అవి కూడా కాళ్ల మొగ్గల్లాగే మొదలవుతాయి కదా.

వాటిని కూడా వేస్తే 49 జతలకు ఒకటి చేరి 50 అవుతుంది. 50 సరి సంఖ్య, రెండేసి కొలతకు సరిపోతుంది. బేసి అనేది జెర్రి లెక్క కాదు, మనం ఒక జతను తీసేయడం వల్ల వచ్చిన లెక్క.

ఇంకొకటి. 50 జతలంటే నూరు కాళ్లు. గులకరాయి గారి జెర్రికి సరిగ్గా నూరు.

---

సున్నా ఒకటి (హైదరాబాద్) | జూన్ 18

చింతపిక్క గారూ, మీరు డిగ్రీ రెండో సంవత్సరం అన్నారు, నిజమేనా?

---

పాత దస్త్రం (విశాఖపట్నం) | జూన్ 19

తిట్టడానికి ఏమీ లేదు. కోరల ఖండితాన్ని కలిపి లెక్కపెడితే మొత్తం సరి సంఖ్య అవుతుందనే సంగతి ఈ రంగం వాళ్లకు తెలుసు, రెండేసి కొలతకు అది కలిసి వస్తుందనీ తెలుసు. సున్నా ఒకటి గారి అడ్డుపుల్ల మాత్రం అలాగే ఉంది, తోక దగ్గరి ఒక్కొక్కటి లెక్క దీనితో తీరదు.

కానీ దాన్నుంచి నూరు దాకా నేను ఎప్పుడూ వెళ్లలేదు. 98 పక్కన ఖాళీ గీసి పాఠం ముగించేవాణ్ణి. ఆ ఖాళీలో కోరలు పెట్టమని ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క విద్యార్థీ అనలేదు, నాకూ తోచలేదు. అయితే ఈ నూరు 49 జతలదానికే. 47 ఉంటే 96, 51 ఉంటే 104. మీ నూరు నిలబడాలంటే జెర్రిని ఎంచుకోవాలి.

నడిచేవే కాళ్లు అంటే 98. పుట్టుకతో కాళ్లయినవన్నీ కాళ్లు అంటే 100. నేను మొదటిదానికే కట్టుబడతాను, అది అలవాటు. మీరు రెండోదానికి కట్టుబడండి.

---

గులకరాయి (సస్సెక్స్) | జూన్ 21

మా అమ్మాయి బడిలో బొమ్మ గీసింది. పక్కన 98 అని రాస్తే టీచరు కొట్టేసి 100 అని దిద్దారట. నిన్న రాత్రి చింతపిక్క అన్నయ్య టపా చదివి వినిపించాను. ఆ దిద్దుబాటును చెరపలేదు, తల దగ్గర రెండు నల్లటి కోరలు గీసి బాణం గుర్తుతో "ఇవి కూడా" అని రాసుకుంది.

---

తాటిదోనె (చీరాల) | జూన్ 27

నిన్న ఇక్కడ తొలకరి పడింది. అలవాటు ప్రకారం రాత్రి పదింటికి స్నానాలగది గుమ్మం దగ్గర జెర్రి ప్రత్యక్షం. నా చేతిలో చెప్పు ఉంది. మా ఆవిడ వెనుక నుంచి "కొట్టండి" అంటోంది.

ఖాళీ పచ్చడి సీసా బోర్లించాను. టార్చి వేసి కూర్చున్నాను. జానెడు పొడవు, గోధుమ రంగు, కాళ్లు పసుపు. గాజు మీదకు ఎక్కినప్పుడు కింది నుంచి బాగా కనబడతాయి. ఇరవై ఒక్క జతలు. రెండుసార్లు లెక్కపెట్టాను, ఇరవై ఒకటే. కోరలతో ఇరవై రెండు.

తెల్లారింది, సీసా ఇంకా బోర్లించే ఉంది, మా ఆవిడ స్నానాలగదికి పెరటి వైపు నుంచి వెళుతోంది. మాస్టారూ, ఇప్పుడు దీన్ని ఏం చేయమంటారు?

---

పాత దస్త్రం (విశాఖపట్నం) | జూన్ 27

సీసా కిందికి గట్టి అట్టముక్క జాగ్రత్తగా తోయండి, అలాగే ఎత్తి గోడ అవతల ఆకుల కుప్పలో వదలండి. చేతులు మాత్రం దూరంగా ఉంచండి, ఇది గులకరాయి గారి జెర్రి కాదు. దీని కోరలు దిగుతాయి.